ఆ మూలలో వెలగని టీవీ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి టీ తాగడానికి వెళ్లిపోయే రకం నేను. రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి. ఏ పెట్టె ఆగిపోయినా నా లెక్కలో రెండే కారణాలు. కరెంటు లోపలికి రాకపోవడం, వచ్చిన కరెంటు లోపలెక్కడో తెగిపోవడం. మూడోది ఉంటుందని ఎవరన్నా అంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది ఏ కారణం కిందికి వస్తుందో నాకే తెలియదు.

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన చిన్న గది కిరాయికి తీసుకుని కొత్తగా షాపు పెట్టాను. అప్పుడు ఎల్.బి.నగర్ వైపు చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. కొత్త కాలనీల్లో ఒక ఇంట్లో మంచి పేరొస్తే కాలనీ అంతా మన దగ్గరికే వస్తుంది. పేరు చెడిందా, షట్టర్ దించుకోవాల్సిందే.

అలా ఒక టీచరమ్మ, గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ, తన బ్లాక్ అండ్ వైట్ టీవీని రిక్షాలో తెచ్చింది. ఆన్ కావడం లేదంది. షాపులో ప్లగ్గు పెట్టగానే వెలిగింది. ఫ్యూజూ స్విచ్చూ చూసి, దుమ్ము దులిపి పంపాను. మర్నాడు మళ్లీ తెచ్చింది. ఇంట్లో వెలగదు, షాపులో వెలుగుతుంది. ఇంకోసారి కూడా ఇదే జరిగాక, మొహమాటపడుతూనే అసలు మాట అనేసింది.

"లోపలి సామాన్లేవో మీరు మార్చేశారని మావారి అనుమానమండీ. కాలనీలో కూడా అదే అనుకుంటున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. దొంగ అనిపించుకున్నాక ఇంకేం షాపు? పనిముట్ల సంచి భుజానేసుకుని, మా ఇంట్లోని టీవీని కూడా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

టీవీ పెట్టుకునేది ముందుగదిలో ఒక మూల. అక్కడి ప్లగ్గులో బల్బు పెడితే భేషుగ్గా వెలిగింది. ఆమె టీవీ మాత్రం ఉలకలేదు పలకలేదు. మా టీవీ పెట్టాను, అదీ అంతే. వైరెక్కడో వదులై, బల్బుకు సరిపోయే కరెంటు టీవీకి చాలడం లేదేమోనని మీటరు నుంచి నేరుగా కొత్త వైరు లాగాను. ఫలితం లేదు. వంటింట్లో పెడితే రెండూ వెలిగాయి. ఆ మూలకు తెస్తే రెండూ మొండికేశాయి. టీచరమ్మ భర్త గుమ్మంలో చేతులు కట్టుకుని, ఇదంతా నా గారడీ అన్నట్టు చూస్తున్నాడు. 

ఈ హడావుడి విని పక్కవాటాలో ఉండే ఇంటి ఓనరు నర్సింహ తాత వచ్చాడు. ఆ ప్లాట్లన్నీ ఒకప్పుడు ఆయన చేలే. టీవీ ఉన్న చోటు చూసి, అక్కడి గచ్చును కాలితో తడిమాడు. తర్వాత చెప్పాడు. అక్కడ వాళ్ల వ్యవసాయ బావి ఉండేదట, దాన్ని పూడ్చి ఈ ఇల్లు కట్టాడట. మోటారు బావిలోపలే ఉండేది. లోపలికి దిగినవాళ్లకు షాకు కొట్టకుండా, స్టార్టర్ నొక్కేముందు బావిలోకి కేకేయడం వాళ్ల పద్ధతి. మా ఊళ్లోనూ అంతే కాబట్టి నాకు ఆ కేక తెలుసు.

"గా దినం నేనే పిలువలే," అన్నాడు తాత. "మా తమ్ముడు ఎల్లయ్య లోపట పైపు సాఫ్ చేస్తుండె."

ఆ మాటంటూనే మోకాళ్ల మీద వంగి, గచ్చుకు నోరు దగ్గరగా పెట్టి మెల్లగా పిలిచాడు.

"ఎల్లిగా, కరెంటేస్తున్న. పైకి రా."

స్విచ్చి వేయమని నాకు సైగ చేశాడు. వేశాను. టీవీ గుయ్యిమంది. ప్రసారాల వేళ కాదు కాబట్టి తెర నిండా చుక్కలొచ్చాయి.

ఆపి, పిలవకుండా వేశాను. రాలేదు. సిగ్గుపడుతూనే నేనూ పిలిచి వేశాను. వచ్చింది. టీచరమ్మ భర్త నమ్మక తనే వేసి చూసుకున్నాడు. పిలిస్తేనే వచ్చింది. ఆయన నా చేయి పట్టుకుని, ఏమీ అనుకోవద్దన్నాడు. నా పేరు నిలబడింది. కానీ సంతోషించాలో భయపడాలో తెలియక, ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం తాతే వచ్చి, పిలిచి, టీవీ వేసి వెళ్లేవాడట. టీచరమ్మకూ భయం పోయి అలవాటైపోయింది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం తాత నా షాపుకొచ్చి, వెంటనే రమ్మన్నాడు. ముందురోజు టీచరమ్మ ఏదో ధ్యాసలో పిలవకుండానే స్విచ్చి వేసిందట, టీవీ వెలిగిందట. వెళ్లి చూశాను. నిజమే. అదే వైరు, అదే ప్లగ్గు, ఎవరూ చేయి పెట్టలేదు. ఎన్నిసార్లు వేసినా వెలుగుతోంది.

ఇంక బాధ లేదు కదా తాతా అన్నాను. ఆయన టీవీ వైపు చూడలేదు. నేల వైపే చూస్తున్నాడు.

"జర మల్ల మునుపటి లెక్క చెయ్యి బిడ్డా. పిలిస్తెనే ఒచ్చెటట్టు."

ఏ పార్టు విప్పాలో, ఏ వైరు తెంపాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అయినా వెనక మూత విప్పి, ఆయన చూస్తుండగా చాలాసేపు లోపల వెతికాను.