ఎర్రబొమ్మల వైపు మనిషి

అమెరికాలోని మాంట్‌గొమరీ వైమానిక స్థావరంలో పటం మీద బొమ్మలతో యుద్ధక్రీడ ఆడిన ప్రతిసారీ రిటైరైన పైలట్ లైమన్ టటిల్ చైనా వైపే, ఎర్రబొమ్మల దగ్గరే కూర్చుంటాడు. ఎర్రబొమ్మను ముట్టేముందు వేళ్లు చొక్కాకు తుడుచుకుంటాడు. "మనం ఆకాశంలో గెలవాలనుకుంటాం. వాళ్లు మనల్ని ఆకాశం దాకా రానివ్వరు," అంటాడు. అతని మొదటి క్షిపణి ఎప్పుడూ పసిఫిక్‌లో అమెరికా విమానాలుండే చిన్న ద్వీపంలోని రన్‌వే మీదే పడుతుంది.

ఇవాళ అతని చెయ్యి పటం మీద ఆగిపోయింది. ఎదుటి కుర్చీలోని కెప్టెన్ డ్వైట్ నవ్వాడు.

"ఏంటి చైనా జనరల్ గారూ, బీజింగ్‌లో కునుకు తీస్తున్నారా?"

"మా అమ్మాయి కోరిన్‌ని ఆ ద్వీపానికే వేశార్రా. విమానాల మెకానిక్‌గా."

డ్వైట్ నవ్వు ఆగింది. "అయితే ఇంకోచోట కొట్టు బాబాయ్. ఆటేగా!"

"వాళ్లు ఇంకోచోట కొట్టరు కదరా."

లైమన్ వేళ్లు తుడుచుకుని బొమ్మను రన్‌వే మీదే పెట్టాడు. పెట్టాక, వానలో గొడుగు పట్టినట్టు, ఆ చిన్న ద్వీపం మీద అరచెయ్యి బోర్లించి చాలాసేపు తియ్యలేదు.