చెవితో నేర్చుకున్న వంట

ఆమెకు సూదక్క అని పేరు పెట్టింది ఫోనులోని వంటల గ్రూపు వాళ్లే. ఇంటి ముందుగదిలో మెషీన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. మధ్యాహ్నం మెషీన్ ఆపగానే ఆ రోజు వండినదాని ఫొటో పెట్టి, కింద నాలుగు ముక్కలు రాసేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలో, కొత్తిమీర వాడిపోకుండా ఎలా దాచాలో చెప్పేది. మధ్యలో ఇంటి కబుర్లు: "కిందటేడాది కొలతలకే కుట్టమన్న ఆవిడ ఇవాళొచ్చి బట్ట ముడుచుకుపోయిందని దెబ్బలాడింది. తప్పు బట్టదేనని ఒప్పుకున్నాను." ఆ కబుర్ల కోసమే గ్రూపు తెరిచేవాళ్లు ఉన్నారు.

వానలు మొదలైనప్పుడు ఆమెకు జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ వాసననూ రుచినీ వెంటబెట్టుకుపోయింది. మెల్లగా వస్తాయి, తొందరపడొద్దన్నాడు డాక్టరు. సూదక్క ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా అలవాటు మీద వండుతూ వచ్చింది. ఒకరోజు చిక్కుడుకాయ పొయ్యిమీద పెట్టి ఒక చొక్కాకు చేతులు అతుకుతోంది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త ఇంటికి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. పక్కగదిలో ఉన్న ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

"మాడు వాసన రాలేదా?"

"జ్వరం తగ్గినప్పటినుంచీ ఏ వాసనా రావట్లేదండీ."

ఆయన గిన్నె దించి, మాడనివి ఏరుకుని తిన్నాడు. "అందుకా, కూర ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు చప్పిడి పథ్యం! ముక్కుసూటి మనిషివి, ముక్కే పోయిందన్నమాట" అన్నాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

గ్రూపులో రాయడం మానేసింది. ఏమైందని అందరూ పదే పదే అడిగితే, జరిగింది రాసి, "రుచి తెలియనిదాన్ని, మీకేం చెప్తాను" అని ముగించింది.

మర్నాడు పొద్దున ఒక రికార్డింగు వచ్చింది. పంపినావిడను గ్రూపులో కోయిల అంటారు. ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది. పుట్టుకతోనే చూపు లేదు. టైపు చెయ్యకుండా గొంతే పంపుతుంది. రికార్డింగులో ముందు మాటల్లేవు, నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు. తర్వాత గొంతు వినిపించింది.

"సూదక్కా, ఇది ఉల్లిపాయ. మొదట పెద్దగా చుయ్యంటుంది. నీరు ఇగిరేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. గుసగుసలోకి దిగిందా, వేగినట్టే. నాకు కళ్లు లేవు, నీకు ముక్కు లేదు. చెవులు ఇద్దరికీ ఉన్నాయిగా."

సూదక్క వెంటనే ఫోను చేసింది.

"నీ గొంతు ఇదా అక్కా?" అంది కోయిల. "ఇన్నాళ్లూ నీ కబుర్లు నాకు ఫోనే చదివి వినిపించేది. దానికి నవ్వడం రాదు. ఎక్కడ నవ్వాలో నేనే వెతుక్కునేదాన్ని."

ఆ వారమంతా ఇద్దరూ ఫోన్లు పొయ్యి పక్కన పెట్టుకుని వండారు. పప్పు చిక్కబడితే కుతకుత బరువెక్కుతుందనీ, పాలు పొంగబోయేముందు గిన్నె కాస్త సద్దుమణుగుతుందనీ సూదక్కకు తెలిసింది. పొయ్యి వెలుగుతుండగా మెషీన్ ముట్టనని కోయిల ఆమెచేత ఒట్టు వేయించుకుంది. మిగతావాళ్లూ ఊరుకోలేదు. లారీ నడిపే ఒకాయన అన్నం ఉడికే చప్పుడు పంపితే సగం హారన్లే వినిపించాయి.

ఉప్పు ఒక్కటి మాత్రం చెవికి దొరకలేదు. ఆ పని భర్త తీసుకున్నాడు. పనికి వెళ్లేముందు రుచి చూసి "ఇంకో చిటికెడు" అనో "చాలు" అనో చెప్పేవాడు. అంతవరకూ పెట్టింది తిని లేచిపోయే మనిషికి కూరలమీద అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి.

చలికాలంలో ఒక పొద్దున, మెషీనుకు నూనె వేస్తుంటే సన్నగా వాసన తగిలింది. సూదక్క సీసా పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత సబ్బు వాసన వచ్చింది, టమాటా పులుపు తెలిసింది. వెల్లుల్లి ఇంకా రాలేదు.

ఆ నెలలోనే కోయిలకు వంటలో కట్టుకోవడానికి ఏప్రన్ కుట్టి పంపింది. ముందువైపేదో వేలికి తెలిసేలా మెడ దగ్గర దారంతో ఉబ్బెత్తుగా ఒక పువ్వు కుట్టింది. అందిన రోజే కోయిల ఫోను చేసింది.

"కట్టుకునే ఉన్నాను. జేబులో గరిటె కూడా పడుతోంది. ఇంత శ్రమెందుకక్కా?"

సూదక్క మాటలకు తడుముకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం "నువ్వు లేకపోతే నేను..." అని మొదలుపెట్టి, ఆపైన రాక ఆగిపోయింది.

"తెలిసిందిలే" అంది కోయిల. "ఇవాళ ఏం వండావో చెప్పు."

సూదక్క కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.