మా మేనత్త పాటను రొద అనుకున్న ఫోన్

మా మేనత్త పోయిందని ఖానాపూర్ నుంచి తమ్ముడు మెసేజ్ పెట్టాడు. గల్ఫ్‌లో గోదాము పనిలో ఉన్నాను. సెలవు అడిగితే, అత్త అంటే సొంత మనిషి కాదన్నాడు సూపర్‌వైజర్. ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. వాడి మీద కొంత, చేతిలో ఉన్న ఫోన్ మీద ఎక్కువ. ఇక్కడికొచ్చిన నాటి నుంచి ఆమె పాట ఒక్కటి నిండుగా వినాలని చూశాను. ఇక ఆ ఆశ తీరినట్టే.

మా చర్చిలో పాట ఎత్తుకునేది అత్తే. ఆమె ఒక వరుస పాడితే జనం అందుకోవాలి. అందుకోకుంటే రెండో వరుసకు పోయేది కాదు. "ఎనుక కూసున్నోళ్లు నోట్లె అంబలి పోసుకున్నరా?" అని నడి ఆరాధనలోనే అడిగేది. పక్కన కూర్చున్న నేను శ్రుతి తప్పితే తొడపాశం పెట్టేది, పాట ఆపకుండానే. పత్తి ఏరేటప్పుడూ అంతే, ఈ సాలు నుంచి ఆమె, ఆ సాలు నుంచి మేము.

నేను ఇక్కడికి వచ్చాక అత్త ఆదివారం ఆరాధన కాగానే ఇంటర్నెట్ కాల్ చేసేది. "విను అల్లుడా" అని మొదలుపెట్టేది. రెండు మాటలు వచ్చేవి, తర్వాత ఏమీ లేదు. మళ్లీ ఎక్కడో ఒక ముక్క. నెట్ బాగాలేదేమో అనుకున్నాను. మా రూమ్‌లో ఉండే హుస్నాబాద్ అన్న అసలు సంగతి చెప్పాడు. "నెట్ కాదు తమ్మీ. గీ యాప్ మాటనే మనిషి గొంతు అనుకుంటది. సాగదీసి పాడితే రొద అనుకొని తీసేస్తది."

రొదంట! మా అత్త పాట రొదంట! ఎవడు నేర్పాడు దానికి? అదే ఫోన్‌లో ఆన్‌లైన్ రేడియో పెడితే సబ్బుల ప్రకటన పాట తళతళలాడుతూ వస్తుంది.

రికార్డు చేసి పంపమని బతిమాలాను. ఒప్పుకోలేదు. "అవతల అందుకునేటోడు లేకుంట ఎట్ల పాడుత? పాటంటే ఇద్దరిది. ఒక్కదాన్నే పాడితే అది ఏడుపే." పోనీ కాల్‌లోనే అందుకుందామంటే నా గొంతు ఆలస్యంగా చేరేది. అప్పటికి ఆమె మళ్లీ అదే వరుస ఎత్తుకునేది. ఇద్దరి గొంతులు కలిస్తే యాప్ ఒకదాన్ని నొక్కేసేది. ఎక్కువసార్లు ఆమెదే.

చివరికి ఆమె పాడటం మానేసింది. "పాడితే నీకు వస్తలేదంటివి గదా, చదువుత" అని కీర్తనను వార్తలు చదివినట్టు చదివి వినిపించింది. ప్రతి అక్షరం వచ్చింది. "ఇప్పుడు మంచిగున్నదా?" అని సంబరంగా అడిగింది. మంచిగున్నదన్నాను. ఫోన్ పెట్టేశాక దాన్ని గోడకేసి కొడదామనిపించింది. ఊరందరి నోటా పాట పలికించిన మనిషిని ఒక తెలివితక్కువ యంత్రం చదువుడుకు దించింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

సమాధుల దొడ్డి దగ్గర నుంచి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. పెట్టె చుట్టూ చర్చి జనమంతా నిలబడ్డారు. నోళ్లు కదులుతున్నాయి. మా చిన్నమ్మ గుండెలు బాదుకుంటోంది. ఒక్క చప్పుడూ లేదు. డోలక్ మీద చెయ్యి పడుతోంది, లేస్తోంది. ఏ కీర్తనో, ఏ చరణంలో ఉన్నారో తెలియలేదు. అందుకుందామని నోరు తెరిచి, ఎక్కడ అందుకోవాలో తెలియక అట్లాగే ఉండిపోయాను.

తమ్ముడు ఫోన్ తన ముఖం వైపు తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ, "అన్నా, అత్తకు ఇష్టమైన పాటనే పాడుతున్నరు. మంచిగ ఇనవడుతుందా?" అన్నాడు.

ఆ మాట మాత్రం ఒక్క ముక్క కూడా తెగకుండా వచ్చింది.