కొట్టం గడపమీద బోర్గిల్డ్
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగగానే బోర్గిల్డ్ మెడలో పాత రీలు కెమెరా వేసుకుని నార్వే ఉత్తరాన ఉన్న వారంగర్ తీరం వెంట మంచులో నడుస్తుంది. మనుషుల్ని తీయదు. చేపలెండేసే కొయ్య పందిళ్లు, పడవల కొట్టాలు, ఒరిగిపోయిన రేవు గుంజలు, అన్నీ నలుపు తెలుపుల్లోనే. "రంగులేం పాపం చేశాయి?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఈ చలికాలంలో ఎక్కడున్నాయో చూపించు, తీస్తా," అంటుంది. ఫోటో తీసేముందు కుడిచేతి తొడుగును పళ్లతో లాగేసి, ఊపిరి బిగబడుతుంది.

ఆ రోజు పొరుగింటి తొర్లైఫ్ తన తాత కట్టిన పడవల కొట్టాన్ని కూల్చడానికి రెండు పిడుల పెద్ద రంపం తెచ్చాడు. ఆమె కెమెరా ఎత్తింది. చలికి బిగుసుకుపోయి మీట దిగలేదు. కెమెరాని స్వెట్టర్ లోపల పొట్టకి ఆనించుకుని, వెళ్లి కొట్టం గడపమీద కూర్చుంది. "లే అక్కా, వెలుతురు పోతోంది! పుచ్చిన కొయ్యకి ఫోటో ఏంటి?" అన్నాడతను. "పుచ్చిందని నాకూ తెలుసురా. కాసేపు ఆగు." తొర్లైఫ్ గొణుక్కుంటూనే ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. కాఫీ అయ్యేసరికి కెమెరా వేడెక్కింది. ఆమె వెనక్కి నడిచి, మోకాళ్లదాకా మంచులో దిగబడి, ఒక్కటంటే ఒక్క ఫోటో తీసింది. "అయింది. ఇక కొయ్యి," అంది. తొర్లైఫ్ మాత్రం కొట్టం వంక చూస్తూ నిలబడిపోయాడు. అతని చేయి లేవలేదు. బోర్గిల్డ్ కెమెరా వీపు మీదికి తోసుకుని వచ్చి, రంపం రెండో పిడి పట్టుకుంది. "లాగు తమ్ముడూ."