పైపూత గది

మేడ మీది గదిలోకి వెళ్ళి యసుజీ తలుపు మూశాడంటే, ఆ పూట చెక్క గిన్నెలన్నీ, పూత గట్టిపడడానికి పెట్టే తడి అల్మరాలోకి చేరేదాకా తెరవడు. పచ్చి లక్క మీద దుమ్ము వాలిందంటే చివరి పూత కాస్తా పాడైనట్టే. లక్క గిన్నెలకి పేరుపడ్డ వాజిమా ఊళ్ళో పైపూత వేసేవాళ్ళంతా అంతే. పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళయినా భార్య మిత్సుయో ఆ గడప దాటి ఎరగదు.

ఆవిడ పని కింద, నీళ్ళ తొట్టి ముందు. అడుగు పూతల్ని బొగ్గుముక్కతో అరగదీసి నున్నగా చేయాలి. వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంతా చేస్తే ఆ పనితనం పైపూత కింద కప్పబడిపోతుంది, మెప్పంతా పైపూతది. పైకి అనేది కాదు గాని, ఆవిడకి లోలోపల ఉక్రోషంగానే ఉండేది.

ఆ చలికాలం షావుకారు ఇరవై గిన్నెల్లో ఏడింటిని తిప్పి పంపాడు. వెలుతురుకి పెట్టి చూస్తే మెరుపు నిండా నలుసులు. మిత్సుయో ఒక గిన్నె తెచ్చి యసుజీ చేతిలో పెట్టింది.

"మీ కళ్ళకేమైందండీ?"

"నా కళ్ళకేం? నువ్వు అరగదీయడమే తిన్నగా తగలడలేదు."

"అలాగా! ఈ అంచున ఎన్ని నలుసులున్నాయో చెప్పండి చూద్దాం."

యసుజీ గిన్నెని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపటికి, "రెండు" అన్నాడు.

నాలుగున్నాయి. మరో విడత తిరిగొస్తే షావుకారు ఇంకొకరిని వెతుక్కుంటాడు. చేతిలో కుంచె లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆవిడ రాత్రంతా బెంగపడింది.

పొద్దున్నే, నూగు రాలకుండా ఉన్ని బట్టలు తీసేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, జుట్టుకి బిగించి గుడ్డ కట్టుకుని మేడెక్కింది. యసుజీ అప్పుడే తలుపు మూయబోతున్నాడు.

"ఎక్కడికే?"

"కళ్ళు తెచ్చాను. వాడుకుంటారా, పొమ్మంటారా?"

కాసేపు గొణిగి, పక్కకి జరిగి చోటిచ్చి, తలుపు మూశాడు. "దగ్గావంటే ఊరుకోను."

ఆయన కొత్త విడత ఇరవై గిన్నెలకి పూత వేస్తుంటే ఆవిడ చూసి చెప్పింది. "అంచు దగ్గర. కాస్త ఎడమకి. ఆఁ, అదే." ఆయన ఈక మొనతో నలుసు ఎత్తేశాడు. నాలుగు గిన్నెలయ్యాయి. అయిదో దాని మీద కుంచె పెట్టగానే నవ్వాడు.

"ఇది నువ్వు అరగదీసింది. ఇందాకటిది పక్కింటి హత్సుయే అరగదీసి ఇచ్చింది."

"చూడకుండా ఎలా తెలిసింది?"

"నీ గిన్నె మీద కుంచె ఎక్కడా ఆగదు. మొదటి ఏడాది నుంచీ తెలుసు. ఒంట్లో బాగోని రోజున నీ గిన్నెలే ముందు తీసుకుంటా. నిన్న ఊరికే నోరు పారేసుకున్నాను."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పచ్చుగా!"

"తలుపు మూసుకుని ఉంటాను కదే, ఎవరితో చెప్పను?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన హడలిపోయాడు. "ఏయ్, ఆగు! చుక్క పడిందంటే గిన్నె పోతుంది!"

బయటికి వెళ్దామంటే తలుపు తీయడానికి లేదు. ఇక్కడే ఏడుద్దామంటే కంట్లో నీళ్ళుండగా నలుసు కనబడదు. ఇంకా పదిహేను గిన్నెలున్నాయి. మిత్సుయో పళ్ళు బిగబట్టుకుని, ఒక్క నలుసునీ వదలకుండా చూపించింది.

చివరి గిన్నె అల్మరాలోకి వెళ్ళాక యసుజీ లేచి తలుపు బార్లా తీశాడు.

"ఇంక తీరిగ్గా ఏడవ్వే" అన్నాడు మెత్తగా.

ఆవిడ అక్కడే, ఆ గదిలోనే కూర్చుని కరువుతీరా ఏడ్చింది.