టార్చి ధుమాళ్

సాంగ్లీలో నాటకాలకు వెళ్ళేవాళ్ళలో బబన్ ధుమాళ్ ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ. అతని టార్చిని ఎరగనివాళ్ళు మాత్రం లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే నాటకశాలలో తలుపు దగ్గర మనిషి. మూడో గంట కొట్టి దీపాలారాక వచ్చినవాళ్ళకి సీటు చూపించడం, ఏడ్చే పిల్లల్ని తల్లులతో సహా వరండాలోకి సాగనంపడం, కారం మరమరాల భడంగ్ పొట్లాలు గలగలలాడించేవాళ్ళ పక్కన నిలబడి దగ్గడం, మొదట్లో ఇదే అతని పని. ఫోన్లు వచ్చాక పని పెరిగింది, పేరూ పెరిగింది.

దొంగచాటుగా నాటకాన్ని ఫోన్లో తీసేవాడు ఎంత చీకట్లో ఉన్నా ధుమాళ్ కంట పడక తప్పదు. గడ్డం కింద నీలం వెలుగు కనబడితే సరే. వెలుగు రాకుండా జాగ్రత్త పడినవాడిని భుజం చూసి పట్టేవాడు. నాటకం చూసేవాడి భుజం జారిపోయి ఉంటుందని, తీసేవాడి భుజం బిగుసుకుని ఉంటుందని అతని సిద్ధాంతం. ఒకసారి ఒక పళ్ళ డాక్టరు భడంగ్ పొట్లానికి కన్నం పెట్టి అందులో ఫోను దాచాడు. పొట్లం ఒళ్ళో ఉంది, గంటసేపైనా ఒక్క పిడికెడు తినలేదు. సాంగ్లీవాడు భడంగ్ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడంటే ఏదో ఉందని ధుమాళ్ వెళ్ళి పట్టుకున్నాడు. తీరా చూస్తే, పసుపూ నూనే అంటుకుని నాటకమంతా కామెర్లొచ్చినట్టు పచ్చగా వచ్చింది.

పట్టుకున్నాక ధుమాళ్ అరవడు. వెలుగు చేతి మీద మాత్రమే వేస్తాడు, ముఖం మీద వేయడు. కొత్తలో ఒకసారి ఒకాయన ముఖం మీద వేశాడు. ఆ పక్క సీట్లో ఉన్నావిడ ఆయన భార్య కాదని నాలుగు వరసలకీ తెలిసిపోయింది. ఆ రోజు జరిగిన రభస ముందు స్టేజీ మీది నాటకం ఎవరికీ ఆనలేదు.

భార్య హౌసాకి మాత్రం మొగుడి ఉద్యోగం మీద గౌరవం లేదు. "ముప్ఫై ఏళ్ళు నాటకాలకి వీపు చూపించి నిలబడ్డావు. వంటవాడివై ఉండి పస్తులున్నట్టుంది నీ బతుకు" అనేది.

ఒక వేసవిలో హేరంబ్ ఖోత్ అనే ఆయన ఊళ్ళోవాళ్ళని కూడగట్టి ఒక హాస్యనాటకం వేశాడు. రాసిందీ, ఆడించిందీ, హీరో వేషం కట్టిందీ ఆయనే. అద్దె ఇల్లు సొంతిల్లని మామగారికి కోతలు కోసిన అల్లుడి కథ. ప్రతి ఆదివారం నాలుగింటికి ఆట. మొదటివారమే ఎవడో చివరి రంగం ఫోన్లో తీసి ఊరంతా పంచాడు. రెండో వారానికి పసుపు మార్కెట్లో హమాలీలు కూడా ఆఖరి జోకు చెప్పుకుంటున్నారు. ఖోత్ వచ్చి, ఇంకొక్క వీడియో బయటికి పోయిందంటే ధుమాళ్ స్థానంలో కెమెరాలు పెట్టిస్తానని మేనేజరు ఎదుటే అనేశాడు.

ఆ రెండో ఆదివారమే ధుమాళ్ ఒకావిణ్ణి చూశాడు. ఏడో వరస చివరి సీటు, అరవై దాటిన మనిషి, మే నెల ఎండల్లో శాలువా కప్పుకుని కూర్చుంది. అనుమానించడానికి ఇంకేం కావాలి? కానీ ఎంతసేపు చూసినా చేయి కదలదు. రెండో అంకంలో స్టేజీ ఎడమ పక్క తలుపు తెరుచుకుంది. నౌకరు రాముడి వేషగాడు ట్రే పట్టుకుని వచ్చి, "అయ్యగారూ, మామగారు వచ్చేశారు!" అని వెళ్ళిపోయాడు. ఆ కాసేపూ శాలువాలోంచి ఫోను తొంగి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

ఆట అయ్యాక ధుమాళ్ ఆవిణ్ణి వడల దుకాణం పక్కకి పిలిచి ఫోను చూపించమన్నాడు. ఆవిడ జంకలేదు. పదకొండు సెకన్లు. తలుపు, ట్రే, ఒక మాట, మళ్ళీ తలుపు.

"ఆయన మా ఆయన. దత్తోపంత్ లిమయే. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు" అంది ఆవిడ. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి సులభా కాకూ, అంటే సులభ పిన్ని, అంటారు.

"మరి దొంగతనంగా ఎందుకు కాకూ? ఇంట్లోవాళ్ళకి పాసులు ఇస్తారుగా."

"నన్ను రావద్దన్నారు. నువ్వు ఎదురుగా కూచుంటే నాకు మాట పెగలదు అన్నారు. ఒక్క మాట, నాయనా! మూడు నెలలు స్నానాలగదిలో దాన్నే వల్లించారు. నేను వినకుండా ఎలా ఉంటాను? భజనకి వెళ్తున్నానని చెప్పి ఇటొచ్చాను." పోయిన వారం ట్రే వణికిందనీ, ఈ వారం వణకలేదు గానీ పెట్టుడు మీసం ఎడమవైపు దిగిందనీ ఆవిడ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఇవి ఎవరికీ పంపనని, ఆయన పాలకి వెళ్ళినప్పుడు చూసుకుంటానని చెప్పింది.

చెరిపేయాలి, అది నియమం. ధుమాళ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆ ఫోన్లో ఎక్కడ నొక్కితే చెరుగుతుందో అతనికి తెలియలేదు. ఆవిణ్ణి అడగడానికి నోరు రాలేదు. ఫోను తిరిగిచ్చేసి, వచ్చేవారం తీయనని గణపతి మీద ఒట్టు వేయమన్నాడు. "ఒట్టేసి తప్పితే పాపం నాకే కదా. మాటిస్తాను, ఒట్టు మాత్రం వద్దు" అంది కాకూ.

మూడో ఆదివారం ఆవిడ మాట నిలబెట్టుకుంది. తీయలేదు. కానీ మొగుడు వచ్చేలోపు పాత వీడియో ఒకసారి చూసుకోవాలనిపించి శాలువా చాటున ఫోను తీసింది. నీలం వెలుగు చూసి ధుమాళ్ పరుగున వెళ్ళి టార్చి వేశాడు. కంగారులో వెలుగు చేతి మీద కాక ముఖం మీద పడింది. ఆవిడ ఉలిక్కిపడింది, వేలు తగలరానిచోట తగిలింది. కాకూకి కాస్త చెముడు. ఫోను ఎప్పుడూ పూర్తి గొంతులోనే ఉంటుంది.

"అయ్యగారూ, మామగారు వచ్చేశారు!"

హాలంతా మోగింది. స్టేజీ మీద ఖోత్ అప్పుడే ఇంటి యజమానిని వంటవాడిగా నటించమని కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. మామగారు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. తెర వెనక టీ తాగుతున్న మామగారు ఆ కేక విని, తన వంతు వచ్చేసిందనుకుని కప్పుతోనే వచ్చేశాడు. తను అనకుండానే తన మాట తన గొంతుతో వినబడిన దత్తోపంత్ ట్రే లేకుండా పరుగెత్తుకొచ్చి, "నేను అనలేదండీ" అన్నాడు. అంటూనే హాలు వైపు చూశాడు. చీకట్లో ఒకే ఒక్క ముఖం, టార్చి వెలుగులో, శాలువాతో సహా.

"సులభా! భజనకి వెళ్ళలేదూ?"

"ఇవాళ లేదన్నారు" అంది ఆవిడ కూర్చునే.

జనం విరగబడి నవ్వారు. దత్తోపంత్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఏ మనిషి ఎదుట మాట పెగలదనుకున్నాడో ఆ మనిషి ఎదుటే మాటలు పుట్టుకొచ్చాయి. నలభై ఏళ్ళలో ఏ పని చేసినా వెనక నిలబడి తప్పులు ఎంచావనీ, కవర్ల మీద ముద్రలు వంకరగా వేస్తానని పోస్టుమాస్టరుతో చెప్పావనీ, ఈ ఒక్క మాటైనా నా సొంతం అనుకున్నాననీ ఏకరువు పెట్టాడు. ఆవిడ అంతా విని, "మీసం సరిచేసుకోండి" అంది. ఆయన సరిచేసుకున్నాడు. ఖోత్ తేరుకుని, "రాముడూ, పెళ్ళాంతో తర్వాత మాట్లాడుదువు, మామగారికి కుర్చీ వేయి" అన్నాడు. నాటకం మళ్ళీ పట్టాలెక్కింది.

ధుమాళ్‌కి అప్పుడు గానీ తెలియలేదు, హాల్లో సగంమంది ఫోన్లు పైకెత్తి ఉన్నారని. ఒక్క టార్చితో ఎంతమంది దగ్గరికని పోతాడు? దాన్ని ఆర్పేసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తన ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నాడు.

సరి కాలేదు. ఆ వీడియో ఊరూవాడా తిరిగి, వచ్చే ఆదివారం టికెట్లు మంగళవారానికే అయిపోయాయి. ఖోత్ స్వయంగా లిమయేల ఇంటికి వెళ్ళి, ఆ గొడవ వారంవారం అలాగే ఆడమని కాకూని బతిమాలాడు. "మా గొడవ ఇంట్లో ఆడుకుంటాం. మీకంత ఇదిగా ఉంటే ఆయనకి ఇంకో రెండు మాటలివ్వండి" అంది ఆవిడ. ఖోత్ ఇచ్చాడు. ధుమాళ్‌ని ఏమీ అనలేదు. ఏమైనా అని పంపించేస్తే, ఆ టార్చి వేసినవాడేడని టికెట్లు కొన్నవాళ్ళే అడుగుతారు కదా.

ఆ ఆదివారం సులభా కాకూ శాలువా లేకుండా, పాసుతో, తలెత్తుకుని వచ్చింది. తలుపు దగ్గరే ఫోను ధుమాళ్ చేతిలో పెట్టి, "నా మీద నాకే నమ్మకం లేదు, నీ దగ్గరుంచు" అంది. అతను జేబులో వేసుకున్నాడు. రెండో అంకంలో దత్తోపంత్ వచ్చి వెళ్ళిన నిమిషానికి అది మోగింది, పూర్తి గొంతుతో. హాలు మొత్తం వెనక్కి తిరిగి తలుపు దగ్గర మనిషిని చూసింది. ధుమాళ్ జేబును రెండు చేతులా నొక్కి పట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు. కనబడ్డ మీటలన్నీ నొక్కితే ఏదో ఒకటి తగిలి అవతల గొంతు వినిపించింది. నాశిక్ నుంచి కూతురు.

"అమ్మా, నాన్న ఎలా చేశాడు?"

తాను అమ్మని కాదని ధుమాళ్ చెప్పాడు. తర్వాత, ముప్ఫై ఏళ్ళు నాటకాలకి వీపు చూపించిన మనిషి, గొంతు సవరించుకుని, ట్రే వణకలేదనీ, మీసం నిలిచిందనీ, మొదటి రెండు మాటలూ గట్టిగా అన్నాడనీ, మూడోది సగం మింగేశాడనీ, అయినా చప్పట్లు బాగానే పడ్డాయనీ వరసగా చెప్పుకుపోయాడు. కూతురు మధ్యమధ్య ఆపి మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ చెప్పాడు.