సున్నపు గీతకు ఒక్క అడుగు ఇవతల

బరువంటే నాకు తెలుసు. రాయ్‌పూర్ టాటీబంధ్‌లో లారీల మీంచి దిగే మూటలు మోసి పెరిగినవాణ్ణి. తడిసిన గోనె బస్తాకీ పొడి బస్తాకీ ఎంత తేడాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. అయినా ఇన్నేళ్ళుగా నేను దించుకోలేకపోయిన బరువు ఒకటుంది. అది ఒక అడుగు. వేయాల్సిన చోట వేయని ఒకే ఒక్క అడుగు.

నవ్వొస్తోందా? నవ్వండి, పర్లేదు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని ఇంట్లో చెప్పుకున్నాను. అప్పట్నుంచీ ఎక్కడున్నా నలుగురిని నవ్వించి నెట్టుకొస్తున్నాను. ఇది రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక జోకు వచ్చి దారికి అడ్డంగా కూర్చునేది. ఇవాళ రాలేదు. పోయిన ఆదివారం రైల్వే గ్రౌండులో ఒక కేక విన్నాను. అది విన్నప్పట్నుంచీ నాకు జోకులు రావడం లేదు. మీరెవరో నాకు తెలీదు, నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో అనగలుగుతున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్. పేరులో కాలుంది గానీ ఆటంతా చేతుల్లోనే ఉంటుంది. సాగదీసిన కోడిగుడ్డులాంటి బంతిని విసరడం, పట్టుకోవడం, పరిగెత్తడం, అడ్డొచ్చినవాణ్ణి పడేయడం. శ్రీకాకుళం నుంచి వచ్చి సిల్తారాలో ఉక్కు కొలిమి దగ్గర పనిచేసే మా నాన్న ఇదంతా విని, "పేరెట్టినోడు కూడా నీలాగే బడి మానేసుంటాడ్రా" అన్నాడు. నా నోరు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మీకీపాటికి తెలిసుంటుంది.

బొత్తాల ఫోన్ల రోజులవి. ఈ ఆటకి మన దేశంలో జీతాల లీగు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. రాయ్‌పూర్‌కి కూడా ఒక జట్టన్నారు. కుస్తీ పట్టేవాళ్ళూ, కబడ్డీ ఆడేవాళ్ళూ, ఏ ఆటా రానివాళ్ళూ అందరం ఎగబడ్డాం. లారీ పైనుంచి విసిరిన పార్సిళ్ళని కింద నిలబడి పట్టే పని నాది కాబట్టి, బంతి అందుకునేవాళ్ళలో చేర్చారు. నా చేతిలో పడ్డది జారదని పేరొచ్చింది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. ఒక మనిషిని ముంచింది ఆ పేరే.

జట్టులో అసలు స్థానం క్వార్టర్‌బ్యాక్‌ది. బంతి విసిరేవాడు. పెళ్ళిలో పురోహితుడిలాగా, అతను చెయ్యి కదిపితే తప్ప ఏదీ జరగదు. ఆ స్థానానికి చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు విక్కీ, టాటీబంధ్ కుర్రాడే. విక్కీ బంతి మెత్తగా వచ్చేది. తిరిగి చూసి, ఒక జోకు వేసి, తీరిగ్గా పట్టుకోవచ్చు. రెండోవాడు అబ్రహాం. మా అందరికీ అబ్బు.

అబ్బు వాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. గుఢియారీలో రైలు పట్టాల పక్క ఇల్లు. నాన్న పట్టాల గ్యాంగులో, అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆటలు కట్టిపెట్టి ఏదైనా కోర్సులో చేరమని నాన్న పోరుతుంటే, ఈ ఒక్క అవకాశం ఇద్దామని అమ్మ మొగుడితో గొడవపడి ఒప్పించింది. ఎంపికైతే ఆట, కాకపోతే ఆట మాట ఇంట్లో ఎత్తకూడదు. అది వాళ్ళింటి ఒప్పందం. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

అబ్బు విసురు వేరు. మేం నేరుగా పరిగెత్తి, సున్నంతో వేసిన గీత మీద కాలుంచి, చప్పున కుడికి తిరగాలి. అందరూ మేం తిరిగాక విసిరేవాళ్ళు. అబ్బు మేం ఇంకా ముందుకి పరిగెడుతుండగానే వదిలేసేవాడు. మనం తిరిగి చూసేసరికి బంతి ముఖం ముందుండేది. అతను విసిరేది మనం ఉన్న చోటికి కాదు, మనం ఉండబోయే చోటికి. అలా విసరమని కోచ్ సాబ్ మా అందరికీ చెప్పాడు గానీ, చేయగలిగింది అబ్బు ఒక్కడే.

నాకేమో చూడని బంతంటే భయం. గోదాములో మూట విసిరేవాడి చేతుల్నే చూస్తూ పట్టినవాణ్ణి. చూడకుండా వచ్చేదాన్ని ఎలా నమ్మను? అబ్బు క్వార్టర్‌బ్యాక్ అయితే నా భయం అందరికీ తెలిసిపోతుంది. జారని చేతులవాడు పిరికివాడని తేలుతుంది. నా చోటు పోతుంది. అంతే. నా గొప్ప కారణం ఇంతే. ఇంకేదైనా ఉంటుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

చివరి ఎంపిక రెండు రోజులు జరిగింది. కోచ్ సాబ్ పాత హ్యాండ్‌బాల్ ఆటగాడు, న్యాయంగా ఉండే మనిషి. ఆ న్యాయమే నాకు పనికొచ్చింది. ఇద్దరి విసురూ తూచాలంటే అందుకునే చేతులు ఒకటే ఉండాలన్నాడు. నన్ను పిలిచాడు. "వీడి చేతికొచ్చింది జారదు. వీడు పట్టలేదంటే తప్పు విసిరినవాడిదే" అని హిందీలో అందరి ముందూ అన్నాడు.

విక్కీ విసిరాడు. అన్నీ పట్టాను. ఒకటి వెనక్కి వంగి ఒంటి చేత్తో పట్టాను. చప్పట్లు.

అబ్బు వచ్చాడు. పరిగెత్తాను. గీత దగ్గరికొచ్చేసరికి వీపు వెనక బంతి బయల్దేరిందని నాకు తెలిసిపోయింది. గీతకి ఒక్క అడుగు ఇవతలే తిరిగేశాను. బంతి నా చేతికి మూరెడు దూరంలోంచి దూసుకుపోయింది. అది భయం. కాళ్ళు చేసిన పని. దాన్నొక్కదాన్నీ నా మీద వేసుకోకుండా వదిలేయగలను.

రెండోసారి? రెండోసారి కాళ్ళకి నేనే చెప్పాను.

కోచ్ సాబ్ కళ్ళు అబ్బు చేతి మీద, అక్కణ్ణుంచి బంతి మీద. నా పాదాల వంక ఎవరు చూస్తారు? పొద్దున్నుంచీ అందరూ తొక్కీ తొక్కీ సున్నం ఎప్పుడో చెదిరిపోయింది. మళ్ళీ ఒక అడుగు ఇవతల. మళ్ళీ బంతి పోయింది. అప్పుడు నా నోరు కూడా సాయానికొచ్చింది. స్టేషన్ మైకులో చెప్పే ఆవిడ గొంతు పెట్టి, "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే! అబ్బు ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్‌లో ఆగదు, సీదా బిలాస్‌పూర్!" అన్నాను. గ్రౌండంతా పగలబడి నవ్వింది. కోచ్ సాబ్ కూడా. తర్వాత బంతి పోయిన ప్రతిసారీ నేను అనక్కర్లేకుండా వాళ్ళే అరిచారు. బిలాస్‌పూర్! బిలాస్‌పూర్! ఒక మనిషి మీద అంతమంది నవ్వాక, అతని చెయ్యి మంచిదని ఎవరు నమ్ముతారు? అబ్బు కూడా నమ్మడం మానేశాడు. అతని ముఖంలో అది జరుగుతుంటే చూశాను.

ఆ సాయంత్రం గుఢియారీ రైల్వే గేటు దగ్గర చాయ్ బండి పక్కన నా కోసం నిలబడి ఉన్నాడు. కోపంతో వచ్చాడనుకుని ఒక జోకు సిద్ధం చేసుకున్నాను.

"ఒరేయ్, నిజం చెప్పు. నా చెయ్యి తప్పుతోందా?" అన్నాడు.

"ఏటి?"

"నీ చేతికి ఏదీ జారదు కదా. మరి నావే ఎందుకు పోతున్నాయి? తప్పు నాలోనే ఉంది. ఎక్కడుందో నీకు తెలుస్తుంది. చెప్పు."

కోపం వచ్చుంటే బావుండేది. నా కాలర్ పట్టుకునుంటే నిజం ఊడిపడేదేమో. అతను నన్ను గురువుని చేశాడు. నేనేం చేశానో చూడండి.

"నువ్వు తొందరపడతన్నావు యార్," అన్నాను. "నాను తిరక్కముందే ఒగ్గేస్తన్నావు. మా గోదాములో పద్ధతేటో తెలుసా? లారీ మీదున్నోడు 'లే!' అని అరుస్తాడు, తీసుకోరా అని. కిందున్నోడు తలెత్తి సూస్తాడు. ఆడు సూసినాకే మూట ఒగ్గుతాడు. నువ్వూ అంతే. నాను సూసేదాకా ఆగు."

"ముందే విసరమని కోచ్ సాబ్ అన్నాడు కదరా?"

"కోచ్ సాబ్ ఎప్పుడైనా మూటలు పట్టాడేటి?"

అబ్బు నవ్వాడు. ఆ రోజంతటిలో మొదటిసారి. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, "నువ్వు చెప్పకపోతే రేపు కూడా అలాగే విసిరేవాణ్ణి" అని నా భుజం తట్టి వెళ్ళాడు.

గోదాము పద్ధతి అబద్ధం కాదు. అందుకే నా అబద్ధం దాని మీద అంత బాగా అతికింది. బస్తా చూడనివాడి మెడ మీద పడితే మనిషే పోతాడు, అందుకని ఆ పద్ధతి. బంతికి అది చావు. అందుకునేవాడు చూసేదాకా ఆగితే, అడ్డుకునేవాడు కూడా చూసేస్తాడు. ఇది ఆ వేళ నాకు తెలీదా? తెలుసు. బడి మానేశాను గానీ బుర్ర మానేయలేదు.

రెండో రోజు కోచ్ సాబ్ మధ్యలో అడ్డుకునేవాళ్ళని నిలబెట్టాడు. ఆ రోజు నేను ఏ మోసమూ చేయలేదు. సరిగ్గా గీత మీదే తిరిగాను, ప్రతిసారీ. అబ్బు ఆగాడు. నేను తిరిగాను, చూశాను, అప్పుడు వదిలాడు. ఆలోగా అడ్డుకునేవాడు నా ముందుకొచ్చి బంతి ఎత్తుకుపోయాడు. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే. నేను చెప్పింది ఒక్క పొల్లు పోకుండా చేశాడు. నిన్న తొందర, ఇవాళ ఆలస్యం, ఇతనికి సమయం తెలీదని కోచ్ సాబ్ తల ఊపాడు. ఆ రోజు చూసినదాన్ని బట్టి ఆయన మాట నిజమే. నిన్నటి అబ్బుని నేను ఒక్క సాయంత్రంలో ఇవాళ్టి అబ్బుని చేశాను.

పేర్లు చదివారు. విక్కీ ఉన్నాడు. నేనున్నాను. అబ్బు బూట్లు విప్పి, రెండింటి లేసులూ ముడేసి మెడలో వేసుకుని పట్టాల వెంట ఇంటికి నడిచాడు. వెనక నుంచి ఎవడో "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే" అన్నాడు. ఆ పేరు అతనికి ఉండిపోయింది. చాలా ఏళ్ళు గుఢియారీ బజారులో అతన్ని బిలాస్‌పూర్ అనే పిలిచారు. పెట్టినవాణ్ణి నేను. పేరు పెట్టినందుకు కనీసం బారసాల భోజనమైనా పెట్టలేదు. చూశారా, ఇక్కడ కూడా నా నోరు ఊరుకోదు.

మా లీగు ఒక్క చలికాలం బతికింది. విక్కీ మెత్తటి బంతుల్ని ఎదుటి జట్లు పువ్వులు కోసినట్టు కోసుకుపోయాయి. కంపెనీ ఒక రోజు ఫోన్లు ఎత్తడం మానేసింది. మళ్ళీ టాటీబంధ్ చేరాను, ఇప్పుడక్కడే మేస్త్రీని. ఆ లీగు చావు చాటున ఇన్నేళ్ళూ దాక్కున్నాను. ఎలాగూ పోయేదే కదా, అబ్బుకి పోయిందేముంది? వాళ్ళమ్మలాగే నర్సింగు చదివాడు, ఉద్యోగముంది, పెళ్ళయింది. నిజానికి నేను మేలే చేశానేమో! ఇలా కూడా అనుకున్నానంటే నమ్ముతారా? చాలాసార్లు అనుకున్నాను. కొన్నిసార్లు నిద్ర కూడా పట్టింది.

ఇక ఆదివారం సంగతి. మా మేనల్లుడు రైల్వే గ్రౌండులో ఏదో కొత్త ఆటకి పోతున్నాడు, తీసుకురమ్మని అక్క పంపింది. గేటు దాటుతుండగా వినిపించింది.

"లే!"

ఆగిపోయాను. గోదాము కేక గ్రౌండులో ఏమిటి? మళ్ళీ "లే!" చిన్నపిల్లల గొంతులు. వరసగా నిలబడి ఉన్నారు. చేతిలో తోలు అరిగిపోయిన కోడిగుడ్డు బంతి. విసిరేవాడు కేక వేయడం, అవతలివాడు తిరిగి చూడటం, అప్పుడు విసరడం. మధ్యలో ఇంకొకడొచ్చి బంతి లాక్కోవడం. వాళ్ళ పక్కన, చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా చేతులు మడుచుకుని, కణతల దగ్గర నెరిసిన అబ్బు.

నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. "పిల్లలూ, ఇటు చూడండి! గోదాము రూలు అంకుల్ ఈయనే. నాకు విసరడం నేర్పింది ఈయనే!" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా మేనల్లుడు అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని అతని కళ్ళలోకి చూశాను. ఎగతాళి నా వృత్తి, ఎంత దూరం నుంచైనా పసిగడతాను. అక్కడ లేదు. ఇన్నేళ్ళూ తప్పు తన చేతిదేనని నమ్మాడు. నేను సరిదిద్దబోయాననీ, ఆ పద్ధతి తన చేతికి అలవాటయ్యేలోగా ఎంపిక అయిపోయిందనీ నమ్మాడు. నోరు తెరిచాను. జోకు రాలేదు. నాకలా ఎప్పుడూ జరగలేదు.

అప్పుడొక పిల్ల వంతు వచ్చింది. రెండు జడల పిల్ల. అవతలివాడింకా పరిగెడుతూనే ఉన్నాడు, ఈ పిల్ల చెయ్యి అప్పుడే వెనక్కి వెళ్ళింది. వదిలేయబోతోంది. వాడు ఉండబోయే చోటికి. ఎవరూ నేర్పకుండానే. ఆ చెయ్యి నాకు తెలుసు. ఇంకొక్క క్షణంలో బంతి గాల్లో ఉండేది.

"ఆగమ్మా, వాడు చూడనీ," అన్నాడు అబ్బు.

పిల్ల చెయ్యి గాల్లో ఆగిపోయింది. తలూపింది. "లే!" అని అరిచి, వాడు చూశాక మెత్తగా విసిరింది. అడ్డున్నవాడు లాక్కున్నాడు. "సారీ అంకుల్" అంది. నాతో! నన్ను చూసి!

చెప్పానా అంటారా? లేదు. మేనల్లుడి చెయ్యి పట్టుకుని వచ్చేశాను. దారిలో వాడు ఆ రూలు గురించి అడుగుతూనే ఉన్నాడు. అబ్బు ఒక్కడితో తీరిపోయిందనుకున్నాను. ఆ అడుగు ఇంకా నడుస్తూనే ఉందని నాకేం తెలుసు?

వచ్చే ఆదివారం అబ్బు మళ్ళీ గ్రౌండులో ఉంటాడు. వెళ్ళి ఆ చప్పట్ల మధ్య నిలబడి చెప్పగలనో లేదో ఇవాళ నాకు తెలీదు. చెబితే అతనికి ఏం మిగులుతుందో కూడా తెలీదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో ఉన్న బంతి కాదు. కానీ ఇంతవరకూ ఏ మనిషి ముందూ అనని మాట ఒకటుంది, అది అనేసి లేస్తాను. అన్నాక ఊపిరి కొంచెం తిన్నగా ఆడుతుందేమో చూస్తాను.

అబ్బు చెయ్యి తప్పలేదు. బంతి రావాల్సిన చోటికే వచ్చింది. నేనే అక్కడ లేను.